బోల్టు బిగించని చేతులు మనవే

అదురు నుంచి, కుదుపు నుంచి సున్నితమైన యంత్రాలను కాపాడుకోవడం మనకు రాని విద్యేమీ కాదు. తెలిసీ వదిలేశాం. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ దగ్గరున్న పాపకూరలో, పక్కనున్న టాకనీనిలో, డ్రూరీలో సాంకేతిక పనులు చేసుకుని బతికే తెలుగువాళ్ళం ఉన్నాం. సర్వర్లు నిలబెడతాం, ల్యాబుల్లో మెషిన్లు చూసుకుంటాం, యూపీఎస్‌లు, జనరేటర్లు బిగిస్తాం, గోదాముల్లో సరుకు దించుకుంటాం. హైదరాబాద్‌లో, విశాఖలో, విజయవాడలో మనవాళ్ళు ఇవే పనులు చేస్తున్నారు. ఈ వ్యాసంలో 'మనం' అన్న ప్రతిచోటా వాళ్ళూ ఉన్నారు, నేనూ ఉన్నాను. యంత్రం వేడెక్కకుండా ఏసీ పెట్టాం, కరెంటు హెచ్చుతగ్గులకు స్టెబిలైజర్ పెట్టాం, దుమ్ముకు ఫిల్టర్ పెట్టాం. కుదుపుకు మాత్రం ఏమీ పెట్టలేదు. కుదుపు ఆ రోజే బిల్లు చేతికివ్వదు కాబట్టి దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

పాపకూర నేల ఊరికే ఉండే నేల కాదు. ఊరికి ఒక పక్క సదరన్ మోటార్‌వే, మధ్యలోంచి గ్రేట్ సౌత్ రోడ్, రైలు పట్టాలు. ఆక్లాండ్ నుంచి హామిల్టన్ వైపు పోయే గూడ్సు బళ్ళు పాపకూర స్టేషన్ మీదుగానే పోతాయి. డ్రూరీ క్వారీ నుంచి కంకర లారీలు నడుస్తూనే ఉంటాయి. రేకుల షెడ్డులో ఒక మూల కంప్రెసర్ కొట్టుకుంటూ ఉంటే, అదే కాంక్రీటు పలక మీద ఇంకో మూల తూకపు మెషినో, సర్వర్ ర్యాకో ఉంటుంది. అదురు మన కాలికి తెలియాలంటే నేల సెకనుకు దాదాపు 100 మైక్రాన్ల వేగంతోనైనా కదలాలి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లాంటి అతి సున్నిత పరికరాలకు నేల అదురు సెకనుకు 3 మైక్రాన్లు దాటకూడదని పెట్టుకున్న ప్రమాణాలున్నాయి. అంటే మన కాలు 'ఏమీ లేదు' అని చెప్పినంత మాత్రాన యంత్రానికి ఏమీ లేనట్టు కాదు. పనిలో చేరిన తొలి ఏడాదే ఎవరో ఒకరు ఈ మాట మనకు చెప్పే ఉంటారు. అయినా గదిలో నిలబడి, కాలితో నేలను తట్టి, "బాగానే ఉంది, ఇక్కడే పెట్టెయ్యండి" అన్నవాళ్ళం మనమే.

సరుకు దిగే చోట జరిగేది కాస్త దగ్గరగా చూద్దాం. ఖరీదైన పరికరం వచ్చే చెక్కపెట్టె పక్కన అరచేతి కంటే చిన్న స్టిక్కరు ఉంటుంది. దాని మధ్యలో సన్నటి గొట్టం, అందులో ద్రవం. పెట్టెకు పరిమితికి మించిన దెబ్బ తగిలితే ఆ గొట్టం ఎర్రగా మారుతుంది. ఒకసారి మారిందంటే మళ్ళీ తెల్లబడదు. కొన్ని 25 జీల దెబ్బకు మారతాయి, కొన్ని 50 జీలకు. ఒక జీ అంటే భూమ్యాకర్షణతో సమానమైన త్వరణం. గొట్టం ఎర్రబడితే ఏం చెయ్యాలో ఆ స్టిక్కరు మీదే రాసి ఉంటుంది: సరుకు తిప్పి పంపకండి, డెలివరీ కాగితం మీద ఆ సంగతి రాయండి, విప్పి పరీక్షించండి, పాడైతే ప్యాకింగ్ పారెయ్యకుండా ఉంచండి. రాయడానికి అర నిమిషం పడుతుంది. లారీ ఇంజను ఆపకుండా డ్రైవర్ ఎదురుచూస్తుంటాడు, వెనక నుంచి మనవాడే ఒకడు "అన్నా, సంతకం పెట్టేసి పంపించెయ్, తరవాత చూసుకుందాం" అంటాడు. సంతకం పడుతుంది. ఆ 'తరవాత' ఎప్పుడూ రాదు. మూడు నెలలకు పరికరం తప్పుడు లెక్కలు చూపిస్తే తయారుచేసినవాళ్ళను తిడతాం, మళ్ళీ క్యాలిబ్రేషన్ చేయిస్తాం, బోర్డు మారుస్తాం. ఎర్రబడ్డ గొట్టం ఆ చెక్కతో పాటు ఎప్పుడో చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

దెబ్బ ఎంతో అంచనా కట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. వస్తువు పడిన ఎత్తును, నేల తాకాక ఆగడానికి పట్టిన దూరంతో భాగిస్తే చాలు, సగటు దెబ్బ జీల్లో వస్తుంది. బల్ల ఎత్తు నుంచి, అంటే 75 సెంటీమీటర్ల నుంచి, కాంక్రీటు మీద పడి 3 మిల్లీమీటర్లలో ఆగిన పెట్టెకు 250 జీలు తగిలినట్టు. అదే పెట్టె కింద నురుగు దిండు 5 సెంటీమీటర్లు కుంగి ఆపితే 15 జీలే. అసలు దెబ్బ శిఖరం ఈ సగటు కంటే ఎక్కువే ఉంటుంది, కానీ తేడా ఎక్కడుందో కనబడుతూనే ఉంది. తిరుగుతున్న హార్డ్ డిస్కు సాధారణంగా పదుల జీల వరకే తట్టుకుంటుంది, ఆపి ఉంచినది వందల జీలు తట్టుకుంటుంది. అందుకే నడుస్తున్న సర్వర్‌ను ర్యాకులోంచి లాగకూడదంటారు. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ సీసాను నాలుగు కవర్లలో చుట్టి, పాత చీర మడతల మధ్య పెట్టి, సూట్‌కేసు నడిమధ్యకు చేర్చి శంషాబాద్ నుంచి ఆక్లాండ్ దాకా చెక్కుచెదరకుండా తెచ్చుకునే జాతి మనది. ఆ సీసాకు చేసినది లక్షల ఖరీదు చేసే అనలైజర్‌కు చెయ్యలేకపోయాం.

జనరేటర్ సంగతి ఇంతకంటే బాధాకరం. నిమిషానికి 1500 చుట్లు తిరిగే జనరేటర్ సెకనుకు 25 సార్లు నేలను తంతుంది. దాని కింద పెట్టిన స్ప్రింగు, మెషిన్ బరువుకు 10 మిల్లీమీటర్లు కుంగేలా ఎంచుకుంటే, దాని సొంత ఊపు సెకనుకు దాదాపు 5 సార్లు. 25కీ 5కీ ఉన్న ఈ ఎడమే కాపాడుతుంది. మెషిన్ తన్నే బలంలో నేలకు దిగేది దాదాపు నాలుగు శాతమే. లెక్క ఇంత చక్కగా కుదిరిన చోట కూడా మన చేతులు దాన్ని చెడగొట్టాయి. రవాణాలో స్ప్రింగు కదలకుండా ఫ్యాక్టరీలో పెట్టిన అడ్డు ముక్కలను, మెషిన్ బిగించిన రోజు తీసెయ్యాలి. తియ్యకుండానే స్టార్ట్ చేసిన మెషిన్లు ఉన్నాయి. స్ప్రింగు కింద ఖాళీలోకి మేస్త్రీ జార్చిన సిమెంటు గట్టిపడి, మెషిన్‌ను నేరుగా నేలకు కలిపేసిన చోట్లూ ఉన్నాయి. మెత్తటి మౌంటు మీద పెట్టిన మెషిన్‌కు బిరుసు ఇనప పైపు బిగించి గోడకు కట్టేస్తే, కింద ఆగిన అదురంతా ఆ పైపు వెంట గోడకు ఎక్కుతుంది. మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేసి చూస్తే కనబడే తప్పులివి. మనం నిలబడి ఆన్ చేశాం, మీటర్ చూశాం, కాగితం మీద టిక్కు పెట్టాం.

అన్నిటికంటే పెద్ద తప్పు భూకంపం విషయంలో చేశాం. రోజూ వచ్చే అదురును ఆపే మెత్తటి స్ప్రింగు, భూమి కదిలిన రోజు శత్రువవుతుంది. భూకంపపు ఊపులో ఎక్కువ బలం సెకనుకు ఒకటి నుంచి పది సార్ల మధ్య ఉంటుంది. మన స్ప్రింగు సొంత ఊపు 5 సార్లు అని ఇప్పుడే చెప్పుకున్నాం. రెండూ కలిస్తే మెషిన్ ఎగిరి మౌంటు మీద నుంచి దిగిపోతుంది. అందుకే స్ప్రింగు మీద పెట్టిన ప్రతి మెషిన్ చుట్టూ, కొంతవరకే కదలనిచ్చి ఆ పైన ఆపే గట్టి స్టాపర్లు ఉండాలి. భవనాల్లోని యంత్రాల కోసం న్యూజిలాండ్‌లో ఎన్‌జెడ్‌ఎస్ 4219 అనే ప్రమాణం ఉంది, 2009 నాటిది. లోపలి సామాన్ల కోసం ఎన్‌జెడ్‌ఎస్ 4104 ఉంది, 1994 నాటిది. ఈ దేశంలో సాంకేతిక పని చేసి జీతం తీసుకునే మనలో వీటి పేర్లు తెలిసినవాళ్ళు ఎందరు? తెలిసీ ర్యాకు కింద నాలుగు యాంకర్ బోల్టులు దించినవాళ్ళు ఎందరు?

"ఆక్లాండ్‌లో భూకంపాలు రావు." పాపకూరలో ఈ మాట మనం ఒకరికొకరం చెప్పుకున్నాం, కొత్తగా వచ్చినవాళ్ళకు ధైర్యం చెప్పడానికి చెప్పాం, చివరికి పని ఎగ్గొట్టడానికీ వాడుకున్నాం. భవనాల లెక్కకు వాడే ప్రమాద సూచిక వెల్లింగ్టన్‌కు 0.40 అయితే ఆక్లాండ్‌కు 0.13, నిజమే. అది తక్కువే గానీ సున్నా కాదు. పాపకూరకు తూర్పున కనబడే హునువా కొండల అంచునే వైరోవా నార్త్ అనే భ్రంశరేఖ ఉంది. క్రైస్ట్‌చర్చ్ జనం కూడా పెద్ద భూకంపం వెల్లింగ్టన్‌కే వస్తుందని నమ్మారు. 2010 సెప్టెంబరు 4న 7.1 తీవ్రతతో నేల చీలేదాకా అక్కడి మైదానం కింద గ్రీన్‌డేల్ భ్రంశం ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. 2011 ఫిబ్రవరి 22న వచ్చిన దెబ్బకు 185 మంది చనిపోయారు. ఆ మధ్యాహ్నం క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రిలో కరెంటు పోయింది. అత్యవసర జనరేటర్ కూడా మొరాయించింది. డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్ళుగా పేరుకున్న మడ్డి కుదుపుకు పైకి లేచి ఫిల్టర్లను మూసేసింది. జనరేటర్ ఉంది, డీజిల్ ఉంది, మనుషులున్నారు. కుదిపితే ఏమవుతుందని ముందుగా అడిగినవాళ్ళే లేరు. ఈ ఒక్క సంగతి మన పనిలో ఉన్న ప్రతివాడినీ నిద్ర లేపాల్సింది.

ఆ క్రైస్ట్‌చర్చ్ ఆస్పత్రి ఆవరణలోనే 2005లో కట్టిన మహిళల ఆస్పత్రి సీసం, రబ్బరు కలిపిన బేరింగుల మీద నిలబడి ఉంది. అప్పటికి దక్షిణ ద్వీపంలో అలా కట్టిన భవనం అదొక్కటే. భూకంపం తరవాత కూడా అది పని చేసింది. ఆ బేరింగును కనిపెట్టినది ఈ దేశపు శాస్త్రవేత్తే, పేరు బిల్ రాబిన్సన్. 1970ల నడుమ లోయర్ హట్‌లోని ప్రభుత్వ ప్రయోగశాలలో ఆయన దాన్ని తయారుచేశాడు. రబ్బరు పొర, ఉక్కు పలక, మళ్ళీ రబ్బరు పొర, ఇలా పేర్చి నడిమధ్యన సీసపు కడ్డీ దించాడు. రబ్బరు భవనాన్ని పక్కకు ఊగనిస్తుంది, సీసం వంగుతూ ఆ ఊపులోని శక్తిని మింగుతుంది. మామూలు గది వేడిలోనే సీసం లోపలి స్ఫటికాలు మళ్ళీ కూడుకుంటాయి, అందువల్ల ఎన్నిసార్లు వంచినా దాని గుణం తిరిగి వస్తుంది. ఆయన ఎంపికలో అసలు తెలివి అక్కడుంది. 1981లో వెల్లింగ్టన్‌లో పూర్తయిన విలియం క్లేటన్ భవనం ఈ బేరింగుల మీద లేచిన ప్రపంచంలో మొదటి భవనం. పార్లమెంటు భవనాన్ని కూడా 1990లలో ఇలాగే ఎత్తి నిలబెట్టారు. రాబిన్సన్ 2011 ఆగస్టులో కన్నుమూశాడు, క్రైస్ట్‌చర్చ్ దెబ్బను తన బేరింగు తట్టుకోవడం చూసి వెళ్ళాడు.

ఆ విద్య మన దేశానికీ చేరింది. 2001 జనవరి 26 భూకంపంలో భుజ్‌లో సివిల్ ఆస్పత్రి రోగులతో సహా కూలింది. దాని స్థానంలో కట్టిన కొత్త ఆస్పత్రిని న్యూజిలాండ్ బేరింగుల మీద నిలబెట్టారు. ఇక్కడికి వచ్చిన తెలుగు ఇంజనీర్లకు ఈ కథలు తెలుసు. సెమినార్లలో చెప్తాం, పిల్లల స్కూల్ ప్రాజెక్టుకు రబ్బరు ముక్కలతో నమూనా చేసి ఇస్తాం. సోమవారం పనికి వెళ్ళి, నేలకు ఏ బోల్టూ లేని ర్యాకు ముందు నిలబడి లాగిన్ అవుతాం.

ఊళ్లో మన పద్ధతి వేరుగా ఉందా అంటే లేదు. "దక్కన్ పీఠభూమి గట్టి రాయి, మనకేం కాదు" అనే మాట చిన్నప్పటి నుంచి విన్నాం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున లాతూరు జిల్లా కిల్లారి దగ్గర భూమి కదిలినప్పుడు ఆ ప్రాంతం దేశపు భూకంప పటంలో అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉంది. పది వేల మంది దాకా పోయారు. తరవాత 2002లో పటం సవరించినప్పుడు ఒకటో మండలం అనేదే ఎత్తేశారు. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం అదిరాయి. 2024 డిసెంబరు 4 పొద్దున ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాద్ దాకా తెలిసింది. ఆ రోజు మనం ఊగుతున్న ఫ్యాన్ల వీడియోలు వాట్సాప్‌లో పంపుకున్నాం, పాపకూరలో కూడా అందరి ఫోన్లలోకీ వచ్చాయి. ఫ్యాన్ ఊగిన ఇంట్లో అందరూ క్షేమమా అని అడిగాం, అది సరే. మర్నాడు ఆస్పత్రి అనలైజర్ బల్లకు కట్టి ఉందా, రక్తనిధి ఫ్రిజ్‌కు చక్రాల తాళాలు పడ్డాయా, ఆక్సిజన్ సిలిండర్‌కు గొలుసు ఉందా అని మనలో ఎవరైనా అడిగామా? అడిగిన గొంతు నాకు వినబడలేదు, నా గొంతు కూడా లేవలేదు.

సాధ్యం కాదని చెప్పుకునే వీలూ లేదు. శ్రీహరికోట మన ఆంధ్ర తీరంలోనే ఉంది. అక్కడ నుంచి ఎగిరే ఉపగ్రహాలను ముందే వైబ్రేషన్ టేబుల్ మీద పెట్టి, రాకెట్ కుదిపేటంతగా కుదిపి చూస్తారు. ఒక్క స్క్రూ వదులైనా విప్పి మళ్ళీ బిగిస్తారు. ఆ క్రమశిక్షణ ప్రయోగశాల గోడ దాటి జిల్లా ఆస్పత్రికి, కాలేజీ ల్యాబుకు, బ్యాంకు సర్వర్ గదికి రాలేదు. తేవలసింది ఆ గోడకు రెండు పక్కలా పని చేసే మనమే.

ఎందుకు తేలేదు? డబ్బు లేక అనుకుంటే అది సగం నిజమే. కొటేషన్‌లో మౌంటింగ్‌కు, యాంకర్లకు వేసిన వరుసను మొదట కొట్టేసేది మనమే, ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధర చెప్పినవాళ్ళం, కావాలి కాబట్టి. కొట్టేశామని కొనేవాళ్ళకు చెప్పం. కానీ దీని వేరు ఇంకా లోతుకు పోతుంది. మన ఇళ్ళలో కోడ్ రాసేవాడికి ఒక పీట, స్పానర్ పట్టేవాడికి ఇంకో పీట. "ఇంజనీరింగ్ చదివి బోల్టులు బిగిస్తావా?" అనే మాట పడని కుర్రాడు మన ఊళ్ళలో తక్కువ. ఆ మాట విని పెరిగినవాళ్ళం సీలింగు పైకి ఎక్కడానికీ మెషిన్ కింద దూరడానికీ సిగ్గుపడ్డాం. డ్రిల్లు పట్టుకోవలసిన పనిని మేస్త్రీకి వదిలి, ఎంత లోతు దించాలో, ఎంత బిగించాలో అతనికి చెప్పకుండా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాం. సాంకేతిక వృత్తిలో ఉండి చేతి పనిని చిన్నచూపు చూసిన పాపం ఇది. భూకంపం దాన్ని కనిపెడుతుంది, లారీ కూడా కనిపెడుతుంది, చివరికి శబ్దమూ కనిపెడుతుంది. 2016 సెప్టెంబరులో బుఖారెస్ట్‌లో ఒక పెద్ద బ్యాంకు డేటా సెంటర్‌లో మంటలార్పే వాయువును పరీక్షకని వదిలితే, ఆ పెద్ద శబ్దపు అదురుకే హార్డ్ డిస్కులు దెబ్బతిని గంటల తరబడి సేవలు ఆగిపోయాయి. శబ్దం కూడా కుదుపేనని అక్కడివాళ్ళు నష్టపోయి నేర్చుకున్నారు.

భయం కూడా ఉంది, దాన్ని దాచను. న్యూజిలాండ్‌లో 2022 నుంచి అమల్లో ఉన్న ఉద్యోగ వీసా యజమాని పేరుతో ముడిపడి ఉంటుంది. కొత్తగా వచ్చిన కుర్రాడు "ఈ ర్యాకుకు బోల్టులు లేవు సార్" అనడానికి జంకుతాడు. అతని జంకును తప్పు పట్టలేను. తప్పు పట్టాల్సింది రెసిడెన్సీ వచ్చినవాళ్ళను, పౌరసత్వం వచ్చినవాళ్ళను, పదేళ్ళుగా ఇక్కడ పాతుకుపోయినవాళ్ళను. మాట్లాడితే పోయేదేమీ లేని మనం మాట్లాడలేదు. ఉగాదికి హాలు నిండా చేరతాం, దసరాకు చేరతాం, వేదిక మీద స్పీకర్ స్టాండుకు ఇసక సంచి వేశామా అని కూడా చూసుకోం. చిన్నవాళ్ళకు ఉద్యోగం ఎలా తెచ్చుకోవాలో నేర్పాం, ఆ ఉద్యోగాన్ని ఎలా చెయ్యాలో నేర్పలేదు.

నేర్పడానికి ఇంకా ఆలస్యం కాలేదు. ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు. 2021 ఫిబ్రవరి నుంచి న్యూజిలాండ్‌లో అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు బీరువానో టీవీనో గోడకు బిగించుకోవడం లాంటి చిన్న మార్పులు అడిగితే యజమాని కాదనడానికి వీల్లేదు. అద్దె ఇల్లని సాకు చెప్పుకున్నాం, ఆ సాకు ఐపోయింది. పనిచోట సరుకు దిగినప్పుడు స్టిక్కరు రంగు చూడండి, ఎర్రగా ఉంటే సంతకం పక్కన ఆ ముక్క రాయండి. డ్రైవర్‌ను ఒక నిమిషం ఆగమనండి, ఆగుతాడు. స్ప్రింగుల మీద మెషిన్ ఉంటే కింద సిమెంటు జారిందా, అడ్డు ముక్కలు తీశారా, స్టాపర్లు ఉన్నాయా చూడండి. జనరేటర్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో అడగండి. కొటేషన్ రాసే చోట ఉన్నవాళ్ళు మౌంటింగ్ వరుసను కొట్టెయ్యకండి, కొట్టెయ్యక తప్పకపోతే కొట్టేశామని కొనేవాళ్ళకు రాతపూర్వకంగా చెప్పండి. వీసా భయంతో నోరు మెదపలేని కుర్రాడి తరఫున, ఆ మాట మీరు చెప్పండి. విజయవాడలోనో వరంగల్‌లోనో ల్యాబులో పని చేసే తమ్ముడికో చెల్లెలికో ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు, వాళ్ళ అనలైజర్ బల్లకు కట్టి ఉందో లేదో ఒక్కసారి అడగండి. లేదంటే, కట్టించేదాకా ప్రతి ఆదివారం అడగండి.